బండి మీద తిండి: మేము తిన్నాం, నేర్చుకున్నాం

ప్రతి సంవత్సరం వానాకాలం మొదలయ్యేసరికి ఈ పత్రికలో ఒక మాట తప్పకుండా రాస్తుంటాం: "బయటి తిండి తినకండి." మా ఆసుపత్రి ఓ.పి. గోడ మీద కూడా ఆ మాట పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఈసారి మీ ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. సెలవుల్లో మేమే బయట తిన్నాం. ఒకచోట కాదు, నాలుగు చోట్ల. నిలబడి, ఇష్టంగా, వేళ్ళు నాక్కుంటూ తిన్నాం. ఆ తరువాత జరిగింది మీకు చెప్పాలి. గోడ మీది మాటను కూడా కొంత మార్చి రాయాలని ఇప్పుడు మాకు గట్టిగా అనిపిస్తున్నది.

క్రిస్మస్ పనులన్నీ ముగిశాక, జనవరిలో ఏడుగురం స్నేహితులం విశాఖపట్నం, అరకు చూడడానికి బయలుదేరాం. ఇద్దరు డాక్టర్లు, ముగ్గురు నర్సులు, ఒక ఫార్మసిస్టు, ఒక ల్యాబ్ టెక్నీషియన్. నర్సుల్లో ఒకరు తన నాలుగేళ్ళ పాపను కూడా తీసుకొచ్చారు. వెరసి ఎనిమిదిమందిమి.

మొదటి సాయంత్రం సముద్రం ఒడ్డుకు వెళ్ళాం. విశాఖ వెళ్ళి బీచి రోడ్డులో ఏమీ తినకుండా తిరిగి రావడం ఎవరి తరం? ముందు మిరపకాయ బజ్జీలు. పెద్దవాళ్ళం ఏడుగురమూ తిన్నాం. కళాయిలోంచి తీస్తుండగానే, ఉల్లిపాయ ముక్కలు కూరించుకుని, నాలుక కాల్చుకుంటూ తిన్నాం. తరువాత ముర్రీ మిక్చరు నలుగురు తిన్నారు. నిప్పుల మీద కాల్చి నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్దిన మొక్కజొన్న పొత్తు ఒకటి చేతులు మారుతూ తిరిగింది. బసకు వెళ్ళే దారిలో ఒక సందు మలుపున పానీపూరి బండి కనబడింది. అక్కడ నలుగురు ఆగారు. పాప మారాం చేస్తే దానికీ తీపినీళ్ళతో ఒక్క పూరీ తినిపించారు.

మర్నాడు పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఎక్కి, సొరంగాలు లెక్కపెడుతూ అరకు చేరాం. అక్కడ మధ్యాహ్నం బొంగు చికెన్. మసాలా పట్టించిన కోడిమాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క పడదు. బొంగు పగలగొట్టి ఆకులో పెట్టి ఇచ్చారు. పాపతో సహా ఎనిమిదిమందిమీ తిన్నాం.

ఆ రాత్రి పదకొండు గంటలకు మొదలైంది. ముందు మా ఫార్మసిస్టుకు వాంతులు. తరువాత ఇద్దరు నర్సులకు కడుపునొప్పి, విరేచనాలు. పెద్దవాళ్ళు ఓర్చుకోగలరు. కానీ పన్నెండు దాటాక పాపకు కూడా మొదలైంది. తెల్లవారుజాము నాలుగు గంటలయ్యేసరికి ఎనిమిది సార్లు విరేచనాలయ్యాయి. పెదవులు ఎండిపోయాయి. ఏడిస్తే కన్నీళ్ళు రావడం లేదు.

అప్పుడు తెలిసింది, ఏడుగురు ఆసుపత్రి ఉద్యోగుల సంచుల్లో ఒక్క ఓ.ఆర్.ఎస్. పాకెట్ లేదని! స్వెట్టర్లు ఉన్నాయి, కెమెరా ఉంది, మూడు రకాల బిస్కెట్లు ఉన్నాయి. రోజూ వందమందికి ఓ.ఆర్.ఎస్. రాసిచ్చే మేము ఒక్కటి కూడా తెచ్చుకోలేదు. సిగ్గుతో తలవంచుకోవలసిన గంట అది.

బయటకు పరుగెత్తితే, ఆ చలిలో పొయ్యి వెలిగించి ఉన్నది ఒక్క టీ బండే. బండి నడిపే అక్క సంగతి విని, మారుమాట లేకుండా మరిగిన నీళ్ళు, పంచదార, ఉప్పు, ఒక చెంచా ఇచ్చింది. డబ్బులు తీసుకోలేదు. లీటరు నీటికి ఆరు సమానపు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. నీళ్ళు చల్లార్చి, నిమిషానికో చెంచా చొప్పున తల్లి పాప నోట్లో పోస్తూ కూర్చుంది. ఆమెకది ఎంత పొడుగు రాత్రో మేము చూశాం. తెల్లవారాక దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ ఓ.ఆర్.ఎస్., జింకు మాత్రలు ఇచ్చి మధ్యాహ్నం వరకు ఉంచుకున్నారు. సాయంత్రానికి పాప అమ్మను ఇడ్లీ అడిగింది. మేము ఊపిరి పీల్చుకున్నాం.

ఇక తప్పు ఎవరిది అన్న ప్రశ్న వచ్చింది. మాలో ఎక్కువమంది నోట వచ్చిన మొదటి మాట: "ఆ బొంగు చికెనే. అడవిలో వంట, ఎలా చేశారో ఏమో!" నిజం చెప్పాలంటే ఆ మాటలో వైద్యం కన్నా చిన్నచూపే ఎక్కువ ఉంది. మా ల్యాబ్ తమ్ముడు మాత్రం ఒప్పుకోలేదు. బిల్లు కాగితం వెనుక గళ్ళు గీశాడు. ఎవరు ఏమి తిన్నారు, ఎవరికి జబ్బు చేసింది అని రాశాడు.

బొంగు చికెన్ ఎనిమిదిమందీ తిన్నారు, నలుగురికి ఏమీ కాలేదు. ముర్రీ మిక్చరు తిన్న నలుగురిలో ఇద్దరికి జబ్బు, తినని నలుగురిలో కూడా ఇద్దరికి జబ్బు. బజ్జీ తినని పాపకే అందరికన్నా ఎక్కువ జబ్బు చేసింది. పానీపూరి దగ్గరకు వచ్చేసరికి లెక్క మారింది. పాపతో కలిపి తిన్నవారు ఐదుగురు, వారిలో నలుగురికి జబ్బు. తినని ముగ్గురిలో ఒక్కరికీ లేదు. ఎనిమిదిమంది లెక్క రుజువు కాదు, పరీక్ష చేయించిన నమూనా కూడా మా దగ్గర లేదు. అయినా ఊళ్ళో విందు తిని పదిమంది పడిపోయినప్పుడు ఆరోగ్యశాఖ వారు మొదట చేసే పని ఇదే. కోపంతో వేలు చూపించే ముందు గళ్ళు గీసి చూడాలి.

అలా ఎందుకు జరిగి ఉంటుందో ఆలోచిస్తే కష్టమైన శాస్త్రమేమీ లేదు. సలసల కాగే నూనెలో నుంచి వచ్చిన బజ్జీ మీద కడుపు జబ్బు క్రిములు బతకవు. బొంగులో చాలాసేపు ఉడికి, పొగలు కక్కుతూ ఆకులో పడిన మాంసానికి మధ్యలో చెయ్యి గాని, నీళ్ళు గాని తగలలేదు. పానీపూరిలో పూరీ పొడిగానే ఉంటుంది. కానీ ఉడికించిన బంగాళదుంప సాయంత్రమంతా గాలివేడికి ఉంటుంది. పుదీనా నీళ్ళు కాచినవి కావు. ప్రతి పూరీతోపాటు చెయ్యి ఆ కుండలో మునుగుతుంది. చింతపండు పులుపుకు క్రిములు చస్తాయని చాలామంది నమ్మకం. ఆ పులుపు చాలదు. అయిదు డిగ్రీలకు పైన, అరవై డిగ్రీలకు లోపు ఉన్న తడి ఆహారంలో క్రిములు పెరుగుతాయి. అనువైన వేడిలో కొన్ని ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపు అవుతాయి. ఆ లెక్కన ఒక్క క్రిమి ఏడు గంటల్లో ఇరవై లక్షలు దాటుతుంది.

2024 అక్టోబరులో హైదరాబాదులో జరిగింది గుర్తు చేసుకోండి. మోమోలు తిన్న పలువురు అస్వస్థులయ్యారు, ఒక మహిళ చనిపోయింది. ఆ నెలాఖరున తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. ఆవిరి మీద ఉడికిన మోమో కన్నా, దాని పక్కన పెట్టే ఉడకని పదార్థం మీదికే అందరి దృష్టీ వెళ్ళింది. బజ్జీ పక్కన చట్నీ, చెరకు రసంలో ఐసు, ముందే కోసి పెట్టిన పుచ్చకాయ ముక్క కూడా అటువంటివే.

తిరుగు ప్రయాణంలో మాలో ముగ్గురం ఆ పానీపూరి బండి దగ్గరకు వెళ్ళాం. తగవుకు కాదు, సంగతి చెప్పడానికి. పాప మాట వినగానే అతని ముఖం మాడిపోయింది. అతనికీ ఆ వయసు పిల్ల ఉందట. శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చాడు. "ఒక డ్రమ్ము నీళ్ళే తెచ్చుకోగలను బాబూ. నాలుగింటికి తెస్తే రాత్రి పదిదాకా అవే. పానీకి అవే, గిన్నెలకు అవే, సేతులకు అవే. కుళాయి ఎక్కడుందో మీరే సూపించండి, రోజుకు వందసార్లు కడుగుతాను" అన్నాడు. మేము చుట్టూ చూశాం. కనుచూపు మేరలో కుళాయి లేదు. మరుగుదొడ్డి కూడా లేదు. ఆరు గంటలు నిలబడి పనిచేసే మనిషి ఎక్కడికి వెళ్తాడు, వెళ్ళి వచ్చి చెయ్యి ఎక్కడ కడుక్కుంటాడు? ఇన్నేళ్ళుగా గోడల మీద నీతులు రాస్తున్నాం గాని, ఈ ప్రశ్న మేము ఒక్కసారీ వేసుకోలేదు.

అందుకే ఇప్పుడు మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. "బయట తినకండి" అనే సలహా ఎవరూ పాటించని సలహా. ఇచ్చిన మేమే పాటించలేదు. కూలికి వెళ్ళేవారికి, పరీక్షలకు పట్నం వచ్చిన విద్యార్థికి, రోగి దగ్గర కాపలా ఉండే బంధువుకు బండి తిండి సరదా కాదు, ఆ పూట ఆకలి తీరే దారి. మా ఆసుపత్రి గేటు బయట ఉన్న బండ్లే అందుకు సాక్ష్యం. వారికి చెప్పవలసింది ఎలా ఎంచుకుని తినాలో. బండి వాడికి ఇవ్వవలసింది నీళ్ళు.

వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. పట్టణ కమిటీల్లో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని ఆ చట్టం చెబుతున్నది. అమ్మకపు ప్రాంతాల్లో కల్పించే పౌర సౌకర్యాలకు వ్యాపారులు నిర్వహణ రుసుము కట్టాలని కూడా చెబుతున్నది. రుసుము అడిగేముందు సౌకర్యం ఉండాలి కదా! 2018లో అహ్మదాబాదులోని కాంకరియా చెరువు దగ్గరి తినుబండారాల ప్రాంతానికి దేశంలోనే మొదటిసారిగా పరిశుభ్రమైన వీధి ఆహార కేంద్రమన్న గుర్తింపు లభించింది. అక్కడ చేయగలిగింది మన ఊళ్ళలో ఎందుకు చేయలేం? పది బండ్లకు ఒక కుళాయి, ఒక మరుగుదొడ్డి, మూతగల చెత్తకుండీ. ఒక వార్డులో విరేచనాల రోగులకు అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది పెద్ద కోరిక కాదు.

కొందరు అనవచ్చు: "కుళాయి ఇచ్చినా వాళ్ళు కడుగుతారా?" అందరూ కడగకపోవచ్చు. ఆసుపత్రి వార్డులో చెయ్యి కడుక్కునే తొట్టి, సబ్బు అన్నీ ఉండి కూడా మేము కడుక్కోకుండా వెళ్ళిన రోజులు లేవా? సౌకర్యం ఉన్నప్పుడే గట్టిగా అడిగే హక్కు మనకు ఉంటుంది.

ప్రియమైన పాఠకులారా, మీరు ప్రయాణంలో ఉన్నప్పుడు ఈ కొద్ది విషయాలు గుర్తుంచుకోండి:

మీ కళ్ళ ముందు వేగినది, కాలినది, ఉడికినది వేడిగా తినండి. చల్లారినదాన్ని మళ్ళీ వెచ్చచేసి ఇస్తే వద్దనండి.

నీళ్ళ చట్నీ, ఐసు, కోసి ఉంచిన పండ్లు, పచ్చి గుడ్డు కలిసిన మయోనైజ్ మానండి. పండు కావాలంటే అరటిపండు వలుచుకుని తినండి.

వార్తాపత్రిక కాగితంలో పొట్లం కట్టవద్దని చెప్పండి. ఆ సిరా కడుపులోకి పోకూడదు. ఆకు గాని, శుభ్రమైన పళ్ళెం గాని అడగండి.

తినే ముందు మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. మురికి చెయ్యి ఎప్పుడూ బండి వాడిదే కానక్కరలేదు.

సంచిలో నాలుగు ఓ.ఆర్.ఎస్. పాకెట్లు వేసుకోండి. పెద్ద పాకెట్ ఒకటి సరిగ్గా ఒక లీటరు నీటికి కలపాలి, ఇరవైనాలుగు గంటల తరువాత మిగిలింది పారబోయాలి. ఆరు నెలలు దాటిన పిల్లలకు ఓ.ఆర్.ఎస్.తోపాటు జింకు మాత్ర డాక్టరు చెప్పినట్టు పద్నాలుగు రోజులు వేయాలి. విరేచనాలు ఆగగానే మానకూడదు. పిల్లలకు విరేచనాలు కట్టే మాత్రలు దుకాణంలో అడిగి వేయకండి.

మలంలో రక్తం పడినా, పిల్లవాడు మగతగా ఉన్నా, కళ్ళు గుంటపడినా, తాగినదంతా వాంతి అవుతున్నా, ఆరు గంటలు మూత్రం రాకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి. ఊరి నుంచి వచ్చిన ఒకటి రెండు వారాలకు విడవని జ్వరం వస్తే అది టైఫాయిడ్ కావచ్చు. నెల రోజులకు కళ్ళు పచ్చబడితే కామెర్లు. ప్రయాణం సంగతి, తిన్న సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఎవరూ కోప్పడరు. మేమైతే అసలు కోప్పడలేం!

మా వంతుగా ఒక పని మొదలుపెట్టాం. ఆసుపత్రి గేటు బయటి బండ్ల వారిని పిలిచి, లోపలి శుద్ధినీటి కుళాయి నుంచి ఉదయం, సాయంత్రం నీళ్ళు పట్టుకోవచ్చని చెప్పాం. పొడుగు కాడ గరిటె, మూతగల డబ్బా వాడమని అడిగాం. మొదటి వారం ఇద్దరే వచ్చారు. ఇప్పుడు ఆరుగురు వస్తున్నారు. మీ సంఘం వీధిలో, మీ పాఠశాల ముందు, మీ బస్టాండు దగ్గర కూడా ఒక కుళాయి ఉండే ఉంటుంది. తలుపు తీసి చూడండి.

ఓ.పి. గోడ మీది రాతకు మళ్ళీ సున్నం వేయించాం. ఇప్పుడు అక్కడ ఇలా ఉంది: "వేడిగా తినండి. నీళ్ళు చూసి తాగండి. చేతులు కడగండి, కడుక్కోనివ్వండి."