వంటగట్టుకు పెట్టిన సొమ్ము ఇల్లు అమ్మితే తిరిగొస్తుందా?

ప్రకాశం జిల్లా పల్లెల్లో ఎండాకాలం వచ్చిందంటే చాలు, ఏదో ఒక ఇంటి ముందు ఇసుక కుప్ప, పగలగొట్టిన గచ్చు పెళ్లలు కనిపిస్తున్నాయి. విచారిస్తే వంటిల్లు బాగు చేయిస్తున్నామంటున్నారు. గోడలకు టైల్స్, గట్టుకు గ్రానైట్, గట్టు కింద అరలకు తలుపులు. ఇంత ఖర్చు దేనికయ్యా అని అడిగితే, “రేపు పిల్లల దగ్గరికి పోవలసి వస్తే ఇల్లు అమ్ముకోవాలి గదా, వంటిల్లు బాగుంటే రేటు పలుకుతుంది” అన్న జవాబే ఎక్కువగా వినిపిస్తున్నది. ఈ మాటలో నిజమెంతో తేల్చుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది. ఎందుకంటే ఈ ఖర్చు చాలా ఇళ్లలో అప్పు తెచ్చి చేస్తున్నదే.

నూటికి రెండు రూపాయల వడ్డీకి 80 వేలు తెస్తే నెలకు 1,600, ఏడాదికి 19,200 రూపాయలు వడ్డీ. పల్లెలో ఇల్లు బేరానికి పెట్టగానే అమ్ముడుపోదు. మూడేళ్లు పట్టిందనుకుందాం. వడ్డీయే 57,600 అవుతుంది. అప్పటికి గట్టూ పాతబడుతుంది.

కొనడానికి వచ్చిన ఆసామి ముందుగా వంటింట్లోకి వెళ్లడు. ఇంటికి దారి ఉందా, ట్రాక్టరు తిరుగుతుందా, స్థలం ఎన్ని గజాలు, బోరులో నీళ్లున్నాయా, శ్లాబు కారుతుందా అని చూస్తాడు. వంటిల్లు ఆగ్నేయంలో ఉందా లేదా అన్నది తప్పక చూస్తాడు. వాస్తు మీద మనకు నమ్మకం ఉన్నా లేకున్నా కొనేవానికి ఉంటుంది. గ్రానైట్ వేయించే హడావిడిలో వంటిల్లు మరో మూలకు మార్చినవారు ఉన్న బేరం కూడా పోగొట్టుకుంటారు. రిజిస్ట్రేషన్‌కు విలువ కట్టేటప్పుడు సైతం స్థలం, కట్టడం రకం, చదరపు అడుగులు లెక్కకు వస్తాయి గాని గట్టు మీద పరచిన రాయి రాదు.

అన్నిటికంటె పెద్ద చిక్కు కాగితాలు. గ్రామకంఠంలో తాతల నాటి ఇళ్లకు దస్తావేజులు లేనివారు కొల్లలు. 2020 ఏప్రిల్ 24న కేంద్రం ప్రారంభించిన స్వామిత్వ పథకం ఉద్దేశం ఊళ్లను డ్రోన్లతో కొలిచి ఇంటి యజమానులకు ఆస్తి కార్డులు ఇవ్వడమే. అమ్మే ఆలోచన ఉన్నవారు ముందు తమ పేరు, కొలతలు సరిగా ఎక్కాయో లేదో సచివాలయానికి వెళ్లి చూసుకోవాలి. గట్టు సంగతి ఆ తర్వాత.

అంటే వంటిల్లు బాగు చేసుకోవద్దని కాదు. 1999లో దీపం పథకం వచ్చాక ఎన్నో ఇళ్లలో గ్యాసు పొయ్యితోపాటే గట్టు కూడా వచ్చింది. అప్పుడు హడావిడిగా కట్టిన గట్లు ఇప్పుడు బీటలు వారాయి. రోజూ వండేవారి సుఖం కోసం చేసుకునే ఖర్చుకు ఎవరూ అడ్డు చెప్పరు. అయితే ఆ వండే మనిషిని అడిగి ఎత్తు పెట్టించడం అరుదుగా జరుగుతున్నది. మేస్త్రీ తనకు అలవాటైన కొలతకు కట్టేసి పోతాడు. మా ఇంట్లో అలాగే జరిగింది. మా అమ్మ నేటికీ పీట ఎక్కి పప్పు ఎనుపుతుంది.

ఇక రాయి. బంగారు చుక్కలు పొదిగినట్టుండే నల్ల గెలాక్సీ గ్రానైట్ మన చీమకుర్తిది. విదేశాల వంటిళ్లకు ఓడలెక్కి పోతున్నది. పలకల్లో మిగిలిన ముక్కలు, కొద్దిపాటి మచ్చ ఉన్నవి అడిగితే తక్కువకే దొరుకుతాయి. చిన్న గట్టుకు అవి చాలు. నల్లరాయి మీద పసుపు, నూనె మరకలు కనబడవు గాని బోరునీటి ఉప్పు తెల్లగా కడుతుంది, పూటకోసారి పొడిగుడ్డతో తుడవాలి. కడప బండ, తాండూరు బండ చౌక. కాని అవీ పాలరాయీ సున్నపురాతి జాతివి. చింతపండు పులుసు, నిమ్మరసం పడితే మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. అరలకు వాడుకుంటే మేలు. కొనే ముందు ముక్క మీద నిమ్మచెక్క రుద్ది గంటసేపు ఉంచి చూడవచ్చు.

గట్టు కింద తలుపులు పెట్టించి సిలిండరును లోపల బంధించడం మాత్రం ప్రమాదకరం. వంటగ్యాసు గాలి కంటె బరువైనది, లీకైతే నేలబారున పేరుకుంటుంది. అర అడుగున గాలి ఆడే కన్నాలు తప్పక ఉండాలి.

పట్నం షోరూముల్లో చూపించే క్వార్ట్జ్ పలక జిగురుతో కలిపి చేసిన రాతిపొడి. కాగుతున్న మూకుడు దించితే పాడవుతుంది. దాన్ని కోసేవారికి ఆ ధూళి వల్ల ఊపిరితిత్తుల జబ్బు వస్తున్నదని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ పలకలనే నిషేధించింది. ఏ రాతి దుమ్మూ మంచిది కాదు. మన వాకిళ్లలో ముఖానికి తువ్వాలు చుట్టుకొని, తెల్లటి దుమ్ములో కూర్చొని గ్రానైట్ కోస్తున్న కుర్రవాళ్లను చూస్తూనే ఉన్నాం. సింకుకు, పొయ్యికి కొలతలు ముందే రాసిచ్చి ఫ్యాక్టరీలోనే నీటి కింద కోయించి తెచ్చుకుంటే ఆ పని వాకిట్లో పెట్టనక్కర లేదు.