మైల్స్ డేవిస్ బీరు, మా తాత జీలుగు చెట్టు

తాగుడు మీద పోస్టు ఏంట్రా అని తిట్టేవాళ్ళు పూర్తిగా చదివాక తిట్టండి.

మొన్న మైక్రోబయాలజీ క్లాసులో పులియబెట్టడం గురించి చెప్తూ మేడమ్ ఒక అమెరికా బీరు సంగతి చెప్పారు. పేరు బిచెస్ బ్రూ. మైల్స్ డేవిస్ జాజ్ ఆల్బమ్ అదే పేరుతో 1970లో వచ్చింది. దానికి నలభై ఏళ్ళు నిండాయని 2010లో డాగ్‌ఫిష్ హెడ్ అనే కంపెనీ ఈ బీరు చేసింది. ఆ ఆల్బమ్‌లో జాజ్‌ని రాక్‌తో కలిపారు కదా, బీరూ అలాగే కలిపారు. మూడు పాళ్ళు ఘాటైన నల్ల స్టౌట్, ఒక పాలు తేనె బీరు. తేనె బీరులో గెషో వేరు. ఇథియోపియాలో ఇళ్ళల్లో తేనె పులియబెట్టి చేసే తెజ్‌లో చేదు కోసం వేసేది ఈ గెషోనే.

క్లాసంతా వావ్ అంది. రాత్రి హాస్టల్లో ఆ ఆల్బమ్ పెట్టుకుని విన్నాను. మొదట గోలలాగే ఉంది. తర్వాత ట్రంపెట్ లేచినప్పుడు మా కొమ్ముబూర గుర్తొచ్చింది, నిజం.

నా బాధ వేరే. ఆ కంపెనీ పెట్టినాయన ఇంట్లో బీరు కాచుకుంటూ మొదలుపెట్టాడు. అక్కడ 1978 చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే 750 లీటర్ల పైనే, సొంతానికి చేసుకోవచ్చు. మన దగ్గర? 1879లో కొండల్లో కల్లుని కంట్రాక్టర్లకి పాటకిచ్చి, మన చెట్టుకి మనమే చిగురుపన్ను కట్టాలన్నారు. రంపా పితూరి లేవడానికి అదొక ముఖ్య కారణం. కారం తమ్మన్నదొర పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఇప్పసారాని ఇందులో కలపడం లేదు. అది బట్టీ పెట్టి దించేది, అమెరికాలో కూడా ఇంట్లో సారా దించితే నేరమే. మా చిన్నాన్న తాగుడుతోనే పోయాడు, అదీ షాపు సీసాతో. తాగమని నేను ఎవరికీ చెప్పను.

నేననేది తెలివి గురించి. మా తాత గెల చూసి చెప్తాడు, ఇది ఎన్నాళ్ళు ఇస్తుందో. పొద్దున దించింది తియ్యన, సాయంత్రానికి పులుపు. కుండలో అడుగున కొంచెం పాతది ఉంచితే తొందరగా పొంగుతుందంటాడు. మేడమ్ బోర్డు మీద రాసిన ఈస్ట్ పాఠం అదే కదా! అయినా నేను నోరు మెదపలేదు. ఫస్టియర్‌లో ఒకడు 'కల్లు బ్యాచ్' అన్నాడు, అప్పటి నుంచి ఊరి మాట వస్తే తల దించుకోవడం అలవాటైపోయింది. మైల్స్ డేవిస్‌నే 1959లో తను వాయిస్తున్న క్లబ్బు బయట పోలీసు తల పగిలేలా కొట్టాడు. తర్వాత ఆయన ఆల్బమ్ పేరు సీసా మీదకెక్కింది. మన జీలుగుని కూడా రేపు ఎవడో సీసాలో పోసి 'అడవి రుచి' అని అమ్మితే, దాని మీద తాత పేరు ఉంటుందా? ముందు మనం రాసి పెట్టుకోకపోతే ఉండదు.

నిన్న భయపడుతూనే మేడమ్‌కి చెప్పాను, ప్రాజెక్టుకి జీలుగు తీసుకుంటానని. సరే అన్నారు. సెలవులకి వెళ్ళినప్పుడు పిహెచ్ పేపర్లు పట్టుకెళ్తున్నా, చెట్టు దించిన దగ్గర్నుంచి గంటగంటకీ కొలవాలి. మీ ఊళ్ళల్లో గీసే తాతలు ఉంటే వాళ్ళు వాడే మాటలు కామెంట్లో రాయండి, గెలని ఏమంటారు, కత్తిని ఏమంటారు, మీ భాషలోనే.