వేఱుకుంపటి

తెలుగునాట కాపురమునకు కొలత కుంపటి. అన్నదమ్ములు విడిపోయినచో వేఱుకుంపటి పెట్టిరందుము. ఇంట వంట సాగనిచో పొయ్యిలో పిల్లి లేవలేదందుము. ఒకే కప్పు క్రింద రెండు పొయ్యిలు రాజుకొన్నచో అవి రెండు కాపురములని తేల్చుటకు మన పెద్దలకు ఏ కాగితమును అక్కఱలేకపోయెను. అక్షరము రాని అవ్వకు తెలిసిన యీ న్యాయము ప్రభుత్వపు సాయము పంచుచోట పలుమాఱులు మఱవబడుచున్నది. దాని ఫలము ననుభవించువారు ఒంటరి స్త్రీలు.

మా వీధి చివర ఒక వితంతువు కలదు. పేరు చెప్ప నవసరము లేదు. అట్టివారు ప్రతి వీధి చివరను కలరు. కుమారుని యింటి వెనుక వసారాలో ఆమె కాపురము. ముందుగదిలో కోడలు గ్యాసుపొయ్యిమీద వండును. వసారాలో ఈమె మూడురాళ్ల నడుమ కొబ్బరిమట్టలు, ఎండుతాటాకులు, పిడకలు పెట్టి వండుకొనును. వానకు పుల్ల తడిసిన దినమున చద్దియన్నమే గతి. గ్యాసు కొఱకు దరఖాస్తు పెట్టుకొనగా, ఆ రేషనుకార్డుమీద కనెక్షను ఇదివఱకే కలదని త్రిప్పిపంపిరి. కొడుకు కార్డులో ఆమె పేరున్నది. కొడుకు కుండలో ఆమె మెతుకు లేదు.

ప్రభుత్వములు చేతులు ముడుచుకొని కూర్చున్నవని మేమనము. 1999 లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున దీపము పథకము మహిళాసంఘముల సభ్యురాండ్రకు గ్యాసు కనెక్షనులిచ్చెను. 2016 మే 1 న ఉత్తరప్రదేశమందలి బలియాలో ఆరంభమైన ఉజ్జ్వల పథకము బీదకుటుంబములలో స్త్రీల పేరనే కనెక్షనులిచ్చెను. 2024 లో తెలంగాణము 500 రూపాయలకు సిలిండరును, ఆంధ్రప్రదేశము ఏటికి మూడు ఉచితపు సిలిండరులను ఏర్పఱచినవి. ఇవి మంచిపనులు, కాదనువాడు కృతఘ్నుడు. కాని పొయ్యి యిచ్చుట వేఱు, పొయ్యి వెలుగుట వేఱు. 2018 డిసెంబరు చివరకు ఉజ్జ్వల కనెక్షనుదారులు ఏటికి నింపించుకొన్న సిలిండరులు సగటున 3.21 మాత్రమే యని కంప్ట్రోలరు ఆడిటరు జనరలు 2019 నాటి నివేదికలో తేల్చిరి. నాలుగునెలలకొక సిలిండరు చాలునట్టి కుటుంబ మెక్కడిది? తక్కిన దినములు పొగయే.

ఈ పొగ యల్పవిషయము కాదు. ఇండ్లలోని పొగవలన 2020 లో ప్రపంచమున 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ గణన. మన దేశమున భర్త పోయినవారు, విడువబడినవారు, పెండ్లి కానివారు కలిసి ఒంటరి స్త్రీలు ఏడుకోట్లకు పైబడిరని 2011 జనాభాలెక్కలు చెప్పినవి. వీరికి తగిలిన చిక్కులు రెండు. మొదటిది కార్డు: సాయము కుటుంబమునకు గాని మనిషికి కాదు, వేఱుగా వండుకొను తల్లి కొడుకు కుటుంబములో కలిసిపోవును. రెండవది రొక్కము: 2024 లో రెండు రాష్ట్రములును ఆరంభించిన పద్ధతిలో ముందు పూర్తివెల చెల్లింపవలెను; పిమ్మట రాయితీ ఖాతాలో పడును. ఇంట ఇద్దఱు సంపాదించుచోట ఇది చిన్నమాట. ఒంటికూలి స్త్రీకి సిలిండరు వెల ఇంచుమించు మూడుదినముల కూలి. ఆ సొమ్ము తిరిగివచ్చువఱకు ఆమె ఆకలి ఆగునా?

కన్నకొడుకుండగా సర్కారేల యని కొందఱందురు. కొడుకు పెట్టవలసినదే, పెట్టనిచో? కొడుకు తీర్పవలసిన ఋణమును తల్లి కంటిలో పొగబెట్టి వసూలు చేయుదురా? కట్టెలపొయ్యి కూడు రుచియని మఱికొంద ఱందురు. పట్టణములలో ఆ పేరనే పలక కట్టి వెల హెచ్చించు హోటళ్లును కలవు. ఆ రుచి తినువానిది, పొగ వండుదానిది.

అయినను ప్రభుత్వమును దూఱి ఊరకుండుట మనకు తగదు. వితంతువివాహములకు చట్టము 1856 లోనే వచ్చెను. తెలుగునాట పాతికేండ్లు అది కాగితముననే యుండెను. 1881 డిసెంబరు 11 న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారును వారి మిత్రులును దానిని ఇంటిలోనికి తెచ్చిరి. ఉత్తరువు సర్కారుదైనను, దానికి ప్రాణము పోయవలసినది ఊరు. రాజస్థానమందలి తిలోనియాలో 1972 లో వెలసిన బేర్‌ఫుట్ కళాశాలలో చదువురాని అవ్వలు సూర్యశక్తి దీపములు కట్టుట నేర్చి తమ యూళ్లకు వెలుగు తెచ్చిరి. ఆ రాష్ట్రమందే ఒంటరి స్త్రీలు ఏకల్ నారీ శక్తి సంఘటన్ అను సంఘముగా కూడి తమ హక్కులు తామే అడుగుచున్నారు.

మనకు కొఱతయేమి? పొదుపుసంఘము లేని తెలుగుపల్లె యరుదు. ప్రతి సంఘమును కొంతసొమ్ము గ్యాసునిధిగా వేఱుచేసి, సిలిండరు వచ్చినదినమున ఒంటరి సభ్యురాలికి వడ్డీలేక బదులిచ్చి, రాయితీ పడగనే తిరిగి తీసికొనవచ్చును. ఒక్కతెకు పెద్దసిలిండరు బరువైనచో 5 కిలోల చిన్నసిలిండరు కలదు. గ్రామసభలో వేఱుగా వండుకొను స్త్రీల పట్టికను చదివి, వారిని వేఱుకుటుంబములుగా వ్రాయుమని తీర్మానింపవచ్చును. ఈ పనులకు దాతలు అక్కఱలేదు, సిగ్గు చాలును.

ఆ సిగ్గు మొదట మాకు కలుగవలసియున్నది. ఆ వసారాపొగ మా యింటిలోనికి వచ్చుచున్నదని మూడేండ్లు కిటికీ మూసికొన్నవారము మేమే. పిల్లలకు పరోపకారమును గూర్చి వ్యాసములు వ్రాయించు బడిపంతులమైయుండి, ఆమె దరఖాస్తును ఎందుకు త్రోసివేసిరో కనుగొనుట మాకు మూడేండ్లు తోచలేదు. గడచిన మాసమున కార్డు విడదీయుమని అర్జీ వ్రాసి ఆమెతో వ్రేలిముద్ర వేయించితిమి. దానికింకను బదులు రాలేదు. ఆమె నేటికిని మట్టలే ఏరుకొనుచున్నది.

చదువరులారా, రేపు తెల్లవాఱుజామున మీ వీధిలో ఏ వసారానుండి పొగ లేచుచున్నదో చూడుడు. కిటికీ మూయకుడు. పోయి ఆ కుంపటి ఎవరిదో, దానికి కార్డు కలదో లేదో అడుగుడు.