గోడలకు వచ్చిన కన్నులు

గోడలకు చెవులుంటవని పెద్దల మాట. ఇప్పుడు గోడలకు కన్నులు కూడా వచ్చినవి. ఒకనాడు బ్యాంకులకు, నగల దుకాణాలకు పరిమితమై ఉండిన నిఘా కెమెరా ఈనాడు మంచిర్యాల జిల్లాలోని మందమర్రి వంటి బొగ్గు పట్టణంలో సామాన్య ఉద్యోగి వాకిలి మీదికి కూడా ఎక్కినది. అదియైనా ఒకటితో ఆగుట లేదు. వాకిట ఒకటి, పెరటి గోడపై ఒకటి, మెట్ల దగ్గర ఒకటి, బండి నిలిపే చోట ఒకటి. ఈ నాలుగు కన్నులు చూచినదంతా దాచిపెట్టుటకు లోపలి గదిలో ఒక పెట్టె. ఈ ఏర్పాటు ఇంటికి నిజముగా ఎంత రక్షణ ఇస్తున్నది? దానికి ఇంటివారును, ఇరుగుపొరుగువారును చెల్లిస్తున్న మూల్యమేమి? ఇవి విచారింపదగిన ప్రశ్నలు.

ఇటువంటి పట్టణంలో భయం ఊహాజనితమని కొట్టివేయుటకు వీలులేదు. 1889లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు తవ్వకం ఆరంభించి, గోదావరి తీరం వెంట విస్తరించిన సింగరేణి సంస్థకు మందమర్రి ఒక ముఖ్య కేంద్రం. కల్యాణిఖని, కాసిపేట గనుల పనివారికి కాలం గడియారాన్ని బట్టి కాక షిఫ్టును బట్టి నడుస్తుంది. నైట్ షిఫ్టుకు యజమాని బాయికి పోతే ఇంట్లో మిగిలేవారు స్త్రీలు, పిల్లలు, వృద్ధులు. తెల్లవారి వచ్చి అతడు నిద్రపోయే వేళకు ఇల్లాలు బజారుకో, పిల్లల బడికో పోతుంది. ఊరు మేలుకొని ఉన్నప్పుడు కొన్ని ఇళ్ళు నిద్రిస్తుంటవి. ఊరు నిద్రించేటప్పుడు కొన్ని ఇళ్ళలో మగదిక్కు ఉండదు. ఇక రెండేళ్ళకొకసారి మేడారంలో సమ్మక్క సారలమ్మల జాతర వచ్చినదంటే వరుసగా తాళాలు పడే వాడలుంటవి. ఇంటిపై కన్ను వేసి ఉంచవలెనన్న కోరిక ఇక్కడ సహజమైనది.

ఈ కోరిక పుట్టుక కూడా ఇటువంటి ఇంటిలోనే. అమెరికాలో న్యూయార్కు నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో మేరీ వాన్ బ్రిట్టన్ బ్రౌన్ అనే నర్సు ఉండేది. ఆమె పనివేళలకు గాని, ఎలక్ట్రానిక్స్ పనివాడైన భర్త ఆల్బర్ట్ పనివేళలకు గాని నియమం లేదు. ఒంటరిగా ఉన్న రాత్రి తలుపు తట్టినవాడెవడో తెలియక పడిన భయం నుండి ఆ దంపతులొక యంత్రాన్ని కల్పించినారు. తలుపుకు వేరువేరు ఎత్తులలో రంధ్రాలు, వాటి వెనుక పైకి క్రిందికి జరిగే కెమెరా, పడకగదిలో బొమ్మ కనిపించే తెర, వచ్చినవానితో మాటలాడుటకు సాధనం, దూరం నుండి తలుపు తీసే మీట, ఆపద వేళ నొక్కుటకు మరొక మీట. 1966లో పేటెంటుకు దరఖాస్తు చేయగా 1969 డిసెంబరులో అది మంజూరైనది. ఈనాటి గృహ నిఘా ఏర్పాట్లకు అది పూర్వరూపం. అయితే ఒక భేదం గమనింపదగినది. బ్రౌన్ దంపతుల యంత్రం తలుపు ముందున్నవానిని ఆ క్షణంలో చూపుటకు ఉద్దేశింపబడినది. నేటి యంత్రం ఎవరూ చూడని వేళ కూడా చూస్తూ, చూచినదంతా దాచుకొంటుంది. చూపు జ్ఞాపకంగా మారినది. సౌకర్యానికీ, చిక్కుకూ ఈ మార్పే మూలం.

ప్రభుత్వం కూడా ఈ చూపును ప్రోత్సహించినది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం నూరుగురు, అంతకు మించి జనం చేరే సంస్థలు కెమెరాలు పెట్టవలెననీ, చిత్రణను 30 రోజులు భద్రపరచవలెననీ విధించినది. తెలంగాణ పోలీసులు శ్రీశ్రీ మాటను స్ఫురింపజేసే ‘నేను సైతం’ అన్న పేరుతో కాలనీవాసుల చందాలతో వీధి కెమెరాలు పెట్టించినారు. మందమర్రి ఉన్న మంచిర్యాల జిల్లా 2016లో ఏర్పడిన రామగుండం పోలీసు కమిషనరేటు పరిధిలోనిది. సొంత ఇంటిలో కెమెరా పెట్టుకొమ్మని నిర్బంధించే చట్టమేదీ లేదు. అక్కడ నిర్ణయం గృహస్థునిది. కనుక వివేకం కూడా అతనిదే కావలె.

ఆ వివేకానికి మొదటి మెట్టు, కెమెరా కావలివాడు కాదని గ్రహించుట. అది సాక్షి మాత్రమే. అది దొంగను పట్టుకొనదు, తలుపుకు అడ్డుపడదు. కెమెరాను చూచి వెనుదిరిగే దొంగ ఉండవచ్చును. ముఖానికి గుడ్డ చుట్టుకొని వచ్చేవాడు వెనుదిరగడు. గట్టి గడియ, తలుపు ముందు దీపం, పొరుగింటివారి అలికిడి చేసే పనిని అది చేయలేదు. సాక్షి విలువ మూడింటిపై ఆధారపడి ఉంటుంది: సరిగా చూచినాడా, సరియైన వేళ చెప్పుతున్నాడా, అడిగిన నాటికి మరచిపోకుండా ఉన్నాడా.

సరిగా చూచుట అనగా చోటును ఎన్నుకొనుట. ఇంటి కప్పు చివర ఎత్తున కట్టిన కెమెరాకు వచ్చినవాని నెత్తి కనిపిస్తుంది గాని ముఖం కనిపించదు. ఎనిమిది పది అడుగుల ఎత్తులో, మనిషి తప్పక నడిచే ఇరుకు దారికి ఎదురుగా ఉన్న ఒక్క కెమెరా, ఆరుబయలు చూచే మూడింటికంటె మేలు. సూర్యుడు ఎదురుగా పడే దిక్కున పెడితే వచ్చినవాడు నల్లని నీడగా మిగులుతాడు. రాత్రివేళ ఇవి మనకు కనిపించని పరారుణ కాంతిని ప్రసరించి, వస్తువులపై పడి తిరిగి వచ్చిన వెలుగుతో బొమ్మ కట్టుకొంటవి. బొగ్గు ధూళి ఆడే ఊరిలో ఈ సంగతి మరింత ముఖ్యం. అద్దంపై పేరుకొన్న దుమ్ముగాని, సాలెగూడుగాని ఆ కాంతిని ముందుగానే త్రిప్పికొట్టుటచేత తెరపై తెల్లని పొర తప్ప మరేమీ మిగలదు. వారానికొకసారి మెత్తని గుడ్డతో తుడుచుట ఈ విద్యలో చిన్న పాఠం. ఎక్కువమంది మరచే పాఠం కూడా అదే.

వేళ సంగతి మరింత సూక్ష్మమైనది. పెట్టెలోని గడియారం ఇరువది నిమిషాలు వెనుకబడి ఉంటే నిర్దోషి దోషిగా, దోషి నిర్దోషిగా కనిపించవచ్చును. షిఫ్టు విడిచే వేళ వీధంతా మనుష్యులతో నిండే ఊరిలో ఇరువది నిమిషాలు చిన్న వ్యవధి కాదు. కరెంటు పోయి వచ్చినప్పుడెల్లా గడియారాన్ని సరిచూచుకొనుట, పెట్టెకు యూపీఎస్ ఆధారం కల్పించుట అవసరం.

జ్ఞాపకం విషయం లెక్కతో తేలుతుంది. 2 మెగాపిక్సెల్ కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున వ్రాస్తున్నదనుకొందాము. దినానికి 86,400 సెకన్లు. బిట్లను ఎనిమిదితో భాగించి బైట్లు చేస్తే దినానికి 21.6 గిగాబైట్లు. నాలుగు కెమెరాలకు 86.4 గిగాబైట్లు. 1 టెరాబైట్ హార్డ్ డిస్కు పదకొండు రోజులకే నిండి, పాతదానిని చెరిపి కొత్తది వ్రాయ మొదలిడుతుంది. ముప్పది రోజులు నిలువవలెనంటే సుమారు 2.6 టెరాబైట్లు కావలె. తరగతిలో విద్యార్థులచేత చేయింపదగిన లెక్క ఇది. కూతురి కాన్పుకని నెలరోజులు ఊరు విడిచిన కుటుంబం తిరిగి వచ్చి, తాళం పగిలియుండుట చూచి పెట్టె తెరిస్తే, దొంగ వచ్చిన రాత్రి దానిలో ఉండదు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లన్న సామెత ఉన్నది; ఈ కుక్క మొరగవలసిన సంగతినే మరచిపోయినది. ఆ పెట్టెనే ఎత్తుకొనిపోయే దొంగలు కూడా ఉన్నారు కనుక, దానిని టీవీ ప్రక్కన అలంకారంగా పెట్టక, తాళమున్న చోట మరుగుపరచుట మేలు.

సాక్ష్యం న్యాయస్థానానికి చేరవలెనన్నా నియమాలున్నవి. ఎలక్ట్రానిక్ సాక్ష్యపు నకలును దాఖలు చేసేటప్పుడు ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020 జూలైలో స్పష్టం చేసినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షనులో ఆ నియమాన్ని నిలిపి, చిత్రణ మారలేదని చూపే సంఖ్యాముద్రను కూడా ధ్రువపత్రంలో చేర్చినది. సెల్‌ఫోనుతో తెరను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి, అసలును చెరిగిపోనిచ్చుట సాక్షిని చేజేతుల పోగొట్టుకొనుటే.

ఇంతవరకు సాక్షి సామర్థ్యం. ఇక సాక్షి మర్యాద. ఈ విషయంలో బొగ్గుబాయియే మంచి పాఠం చెప్పుతున్నది. గనిలో కూడా నిరంతరం నిఘా ఉన్నది. సర్దారు పని స్థలాన్ని పరీక్షించి, పైకప్పు ఎట్లున్నది, గాలి ఎట్లున్నది, విషవాయువు ఉన్నదా అన్నది పుస్తకంలో వ్రాసి సంతకం చేస్తాడు. తరువాతి షిఫ్టుకు బాధ్యుడైనవాడు దానిని చదువుకొంటాడు. దీపాల గది లెక్కవలన దిగినవారెందరో, పైకి వచ్చినవారెందరో తెలుస్తుంది. ఆ చూపు ఎవరి కొరకో, ఎంతవరకో, దానిని వ్రాసినవాడెవడో అందరికీ తెలుసును. అందుచేత దానిని ఎవరూ అవమానంగా తలచరు. ఇంటి గోడమీది కెమెరాకు ఇటువంటి పుస్తకం లేదు. అది ఎవరిని చూస్తున్నదో ఎదురింటివారికి తెలియదు; చూచినదాన్ని ఎవరు చూస్తారో అసలే తెలియదు.

కంపెనీ క్వార్టర్లలో గోడకు గోడ తగిలి ఉంటుంది. ఒకరి వాకిలి మరొకరి వాకిలికి ఎదురు. నీళ్ళు పట్టుకొనుట, బట్టలారవేయుట, మాటామంతీ అన్నీ వాకిటనే. దొంగకని పెట్టిన కెమెరా పగలంతా చూచేది ఎదురింటి ఆడవారి రాకపోకలనే. ఈ చిక్కు కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం మూడవ అధికరణంలో ఇళ్ళ వ్యవహారాలను చెప్పుతూ, ఎదుటివారికి బాధ కలిగేటట్లు ద్వారముగాని, కిటికీగాని పెట్టినవానికి దండన విధించినది. నడుమ రాజమార్గముగాని వీధిగాని ఉన్నచో మినహాయింపు ఇచ్చినది. కిటికీ చూచి మరచిపోతుంది. కెమెరా మరువదు. కనుక నేటి న్యాయం మరికొంత ముందుకు పోవలసి వచ్చినది.

చెక్ దేశంలో ఫ్రాంటిషెక్ రినెష్ అనే గృహస్థుని కిటికీ అద్దాలను ఎవరో పగులగొట్టినారు. ఆయన చూరు క్రింద కెమెరా పెట్టినాడు. 2007 అక్టోబరులో మరల అద్దం పగిలినప్పుడు ఆ చిత్రణవల్లనే ఇద్దరు అనుమానితులు పోలీసులకు దొరికినారు. కాని ఆ కెమెరాకు ఆయన వాకిలితోపాటు వీధీ, ఎదురింటి ద్వారమూ కనిపిస్తుండెను. 2014 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానం, వీధిని చిత్రించే కెమెరా కేవలం గృహకార్యం కాజాలదని తీర్పు చెప్పినది. ఆస్తిని, ప్రాణాన్ని కాపాడుకొనే హక్కును కాదనలేదు; ఆ హక్కు కూడా చట్టం హద్దులలోనే నడవవలెనని అన్నది.

మన దేశంలో 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ప్రకటించినది. 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వ్యక్తి తన సొంత, గృహ అవసరానికి చేసేదానిని తన పరిధి నుండి తప్పించినది. అంతమాత్రాన గోడకు ఆవలివాని హక్కు అంతరించదు. ఉమ్మడి ఇంటిలో తోటి నివాసి సమ్మతి లేక లోపలి భాగాలలో కెమెరాలు నడపరాదని 2025లో కలకత్తా హైకోర్టు చెప్పగా, ఆ ఏడు మే నెలలో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించినది. చూచేవారిని కూడా చూడవలెనన్న సూత్రాన్ని 2020 డిసెంబరులోనే సుప్రీంకోర్టు పోలీసు స్టేషన్లకు వర్తింపజేసి, ప్రతి స్టేషనులో కెమెరాలు ఉండవలెనని ఆదేశించియున్నది.

మరొక అపాయం కంటికి కనిపించనిది. దూరం నుండి ఫోనులో చూచుకొనుటకై పెట్టెను ఇంటర్‌నెట్‌కు కలుపుతారు. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డును మార్చరు. 2016లో ‘మిరాయ్’ అనే దుష్ట ప్రోగ్రాము అటువంటి కెమెరాలను, పెట్టెలను వేలకు వేలు లొంగదీసుకొని, అక్టోబరు 21న అమెరికాలో పేరుపడిన వెబ్‌సైట్లను గంటల తరబడి స్తంభింపజేసినది. కంచె చేను మేయుట అంటే ఇదే. 2024 ఏప్రిలులో కేంద్ర ప్రభుత్వం నిఘా కెమెరాలకు భద్రతా పరీక్షలను నిర్బంధం చేసినది. అయినను పాస్‌వర్డు మార్చవలసిన చేయి ఇంటివారిదే. బిగించిన మెకానిక్ ఫోనులో ఆ ఇంటి దృశ్యాలు ఇంకా కనిపిస్తున్నవేమో కూడా వారే విచారించుకొనవలె.

ఉపాధ్యాయులకు ఈ ప్రశ్న మరింత దగ్గరిది. 2025 జూలైలో సీబీఎస్ఈ తన పాఠశాలలన్నిట తరగతి గదులతో సహా, మరుగుదొడ్లు తప్ప, మాటలు కూడా వినిపించే కెమెరాలు పెట్టి చిత్రణను కనీసం 15 రోజులు ఉంచవలెనని ఆజ్ఞాపించినది. పిల్లల రక్షణ దాని ఉద్దేశం. ఆ ఉద్దేశం గొప్పదే. అయితే బడిలోను, ఇంటిలోను నిరంతరం చూడబడుతూ పెరిగే బాలుడు కెమెరా ఉన్నదని మంచిగా ఉండుట నేర్చుకొంటాడేమో గాని, మంచి కొరకు మంచిగా ఉండుట నేర్చుకొంటాడా? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెతలో పెద్దలు చెప్పినదిదే: కాపలా ఎంతటిదైనా నమ్మకం స్థానాన్ని పొందలేదు.

కెమెరాలు వలదనుట ఈ విచారణ ఫలితం కాదు. రాత్రిపూట బాయికి పోయేవాడు ఇంటివారి క్షేమం కోరుట అతని హక్కు. కాని పెట్టే ముందు ఎదురింటివారిని పిలిచి, తెరపై తమ వాకిలి పడుతున్నదో లేదో చూపుట. పడితే కెమెరాను త్రిప్పుట, త్రిప్పుటకు వీలుకాకపోతే ఆ భాగాన్ని తెరపై మరుగుపరచుట. లోపలి గదులను విడిచిపెట్టుట. ఎన్ని రోజులు దాచేదీ, ఎవరు చూచేదీ ఇంటిల్లపాదికీ చెప్పుట — ఇవి డబ్బు ఖర్చులేని పనులు. వాటివలన ఎదురింటివారు అనుమానితులు కాక తోటి సాక్షులవుతారు. కరెంటు పోయిన రాత్రి, పెట్టె మూగపోయినప్పుడు, గోడ అవతల నుండి ‘ఎవరది?’ అని కేకవేయవలసినది వారే.