దాణా పెట్టెలు

"మాస్టారూ, గూడ్సు పెట్టెలో గింజలు పోస్తే తలుపులోంచి కారిపోవా?" అని అడిగాడు పక్కింటి కుర్రవాడు. మంచి ప్రశ్నే. ఒకప్పుడు అమెరికా రైల్వేలకు ఇదే తలనొప్పి. పశువుల దాణాకు మొక్కజొన్నలూ, ఓట్లూ నలభై అడుగుల మామూలు పెట్టెల్లోనే పోసేవారు. వాకిలికి లోపలినుంచి చెక్కలు అడ్డంగా మేకులు కొట్టి, పైన వదిలిన ఖాళీలోంచి గొట్టంతో నింపడం. కారినవి కారినంత దారి పొడుగునా పట్టాలమీదే. పిట్టలకు పండుగ!

దింపడం అసలు కష్టం. చెక్కలు ఊడబెరికితే వాకిట్లో ఉన్నంత మేరే జలజల రాలుతుంది. రెండు కొసల ఉన్నదంతా మనిషి లోపలికి దిగి పారతో తోయవలసిందే. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా ఆ దుమ్ము ఊరుకుంటుందా? బస్తాల్లో వచ్చే దాణా కాస్త నయం; మోత బరువే గాని దుమ్ము తక్కువ. పైగా ఆ పువ్వుల అచ్చు నూలుసంచులతో పల్లె ఇల్లాళ్ళు పిల్లలకు గౌన్లు కుట్టేవారు.

1961లో అక్కడి సదరన్ రైల్వే 'బిగ్ జాన్' అనే భారీ పెట్టెలు తెచ్చింది. పైన మూతలు, అడుగున గరాటులు. తెరిస్తే చాలు, గింజ తనంతట తానే జారుతుంది. పార పట్టినవాడికి దుమ్ము తప్పింది, దానితోపాటు కూలీ తప్పింది. కుర్రవాడికి ఈ రెండో ముక్క చెప్పలేదు. గరాటు బొమ్మ గీసిచ్చాను, సంబరంగా పట్టుకుపోయాడు.