ఉపన్యాసం వద్దు, కూరమడి కావాలి

మన కళాశాలలో ఏ సభ జరిగినా, వక్త ఎవరైనా, రైతు దేశానికి వెన్నెముక అన్న మాట ఒక్కసారైనా వినబడక మానదు. మనం చప్పట్లు కొడతాం. ఆ కొట్టేవాళ్ళలో నేనూ ఉన్నాను. సభ ముగిశాక మెస్సుకు పోయి, కంచంలో క్యాబేజీ కూర చూసి "మళ్ళీ ఇదేనా!" అని విసుక్కునేవాళ్ళలోనూ నేనున్నాను. మనలో చాలామందిమి రైతుల పిల్లలమే. అయినా క్యాబేజీ నారు ఎప్పుడు పోస్తారో, ఎన్నాళ్ళకు గడ్డ కడుతుందో చెప్పమంటే తల గోక్కుంటాం. అందుకే ఈ సంచిక ద్వారా విద్యార్థి సంఘాన్ని నేను కోరేది ఒక్కటే. వచ్చే ఏడాది రైతు మీద ఒక ఉపన్యాసం తగ్గించి, ప్రతి హాస్టలు వెనకా నాలుగు కూరమళ్ళు వేయించండి.

ఈ మాట గాలిలోంచి పుట్టింది కాదు. 2023 జూలైలో టమాటా కిలో నూరు రూపాయలు దాటిపోయినప్పుడు మా మెస్సు చారులో టమాటా కనిపించడం మానేసింది. ఆ కోపంలో ఎనిమిది మందిమి "మనమే పండించుకుందాం" అని పంతం పట్టాం. వానలు కాస్త తెరిపి ఇచ్చాక, అక్టోబరులో, వంటశాల వెనక ఖాళీ స్థలంలో కంప కొట్టి పని మొదలుపెట్టాం.

మా గుంటూరు వైపు నల్లరేగడి. తడిస్తే ఉబ్బి జిగురై నీటిని పట్టుకు కూర్చుంటుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. ఈ సంగతి పుస్తకంలో చదివి పరీక్షలో రాసినవాళ్ళమే. కానీ పార పట్టుకున్నప్పుడు ఒక్కడికీ గుర్తు రాలేదు. నేల చదునుగా తవ్వి టమాటా నారు నాటేశాం. ఉత్సాహం కొద్దీ రెండు పూటలా బకెట్లతో నీళ్ళు పోశాం. వారం తిరిగేసరికి ఆకులు పసుపు పచ్చగా మారాయి. హాస్టల్లో తోటపని చూసే పెద్దాయన, మేమంతా బాబాయ్ అని పిలుస్తాం, వచ్చి చూసి నవ్వాడు.

"ఏం బాబూ, మొక్కకి నీళ్ళు పోస్తన్నారా, మొక్కని ముంచుతున్నారా?"

"నీళ్ళు ఎక్కువైతే తప్పేంటి బాబాయ్?"

"వేరుకి కూడా ఊపిరాడాలి గదా. ఎత్తుమడి కట్టండి."

ఆయన దగ్గరుండి కట్టించాడు. మడి వెడల్పు ఒక మీటరు, పొడవు నాలుగు మీటర్లు, ఎత్తు జానెడు. మీటరుకు మించి వెడల్పు ఎందుకొద్దో కట్టాక తెలిసింది. అటూ ఇటూ కూర్చుంటే చెయ్యి మధ్యదాకా అందుతుంది, లోపల కాలు పెట్టే పని లేదు. తొక్కని మట్టి గుల్లగా ఉంటుంది. మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక, కొంచెం వేపపిండి కలిపాం. మళ్ళ మధ్య దారులను ఆయన ఒక పక్కకు వాలుగా తీయించి, చివర చిన్న కాలువలో కలిపాడు. ఆ వాలు విలువ మాకప్పుడు తెలియలేదు.

ముల్లంగి, పాలకూర, మెంతికూర గింజలు నేరుగా మళ్ళలోనే చల్లాం. ధనియాలను నలిపి రెండు బద్దలు చేసి చల్లితేనే కొత్తిమీర బాగా మొలుస్తుందని అప్పుడే నేర్చుకున్నాను. టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్‌లకు వేరే నారుమడి పోసి, నాలుగు వారాల నారు పీకి నాటాం. క్యాబేజీ మళ్ళ అంచుల వెంట ఆవాలు చల్లించాడు బాబాయ్. ఆకుల్ని జల్లెడ చేసే పచ్చపురుగు తల్లి ఆవ మొక్క మీద మోజుపడి అక్కడ గుడ్లు పెడుతుందట. మా మిత్రుడొకడు మాత్రం ఎత్తుమళ్ళు వట్టి చాదస్తమని వాదించి, పంతానికి సగం స్థలాన్ని చదునుగానే ఉంచి నాటాడు.

తీర్పు తుపాను చెప్పింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా చిక్కుడు పందిరి కూలిపోయింది. కాలీఫ్లవర్ ఆకులు చీలికలయ్యాయి. చదునుగా నాటిన చోట నీళ్ళు రోజుల తరబడి నిలిచాయి. ఎండ రాగానే ఆ మొక్కలన్నీ తల వాల్చేశాయి, పీకి చూస్తే వేళ్ళు కుళ్ళి ఉన్నాయి. ఎత్తుమళ్ళలో మాత్రం నీరు దారుల్లోకి దిగి, వాలు వెంట కాలువలోకి పోయింది. అందులో ఎక్కువ భాగం బతికింది. ఒక జానెడు మట్టి ఇంత తేడా చేస్తుందని ఏ పాఠమూ నాకంత గట్టిగా చెప్పలేదు.

అయితే ఎత్తుమడి సర్వరోగ నివారిణి అని నేననను. వాన తక్కువైన అనంతపురం ఎర్రనేలల్లో ఇలాగే కడితే మడి తొందరగా ఆరిపోతుంది. అక్కడ మడిని కొంచెం పల్లంగా ఉంచి నీటిని నిలుపుకోవాలి. నేలను చూసి మడి కట్టాలి గాని, పక్క ఊరిని చూసి కాదు.

అసలు పాఠం జనవరిలో వచ్చింది. క్యాబేజీ, టమాటా అన్నీ ఒక్కసారి చేతికొచ్చాయి. మెస్సు కొంత తీసుకుంది. మిగిలిన టమాటా తట్టను సైకిలు మీద బజారుకు తీసుకుపోతే, వ్యాపారి చెప్పిన ధర విని మాకు మాట రాలేదు. జూలైలో బంగారమైన సరుకు జనవరిలో బరువైపోయింది! కారణం ఆలోచిస్తే సులువే. వేసవి వేడికి, ముఖ్యంగా వేడి రాత్రులకు, టమాటా పూత రాలిపోతుంది, తర్వాత వానలు దెబ్బ తీస్తాయి, సరుకు కరువవుతుంది. చలికాలంలో కాపు విరివిగా వస్తుంది, అందరికీ ఒకేసారి వస్తుంది, నిలవ ఉండదు. మేం తట్టను తిరిగి తెచ్చుకుని పచ్చడి చేయించుకున్నాం. కోత కూలీ, బండి బాడుగ అప్పు తెచ్చి కట్టిన రైతు తిరిగి తెచ్చుకోగలడా? టమాటాలు రోడ్డు మీద పారబోసిన ఫొటో పేపర్లో చూసి "అయ్యో" అనుకున్నవాణ్ణే నేను. ఎందుకు పారబోస్తారో ఆ రోజు తెలిసింది.

"చలికాలంలో కూరలు చవగ్గా దొరుకుతుంటే మనం పండించడమెందుకు?" అని అడిగే మిత్రులకు నా జవాబు ఇదే. డబ్బు మిగుల్చుకోవడానికి కాదు. మన చవక ఇంకొకరికి ఎంత ఖరీదో తెలుసుకోవడానికి.

"చదువుకోడానికి వచ్చామా, కలుపు తీయడానికా?" అనేవాళ్ళూ ఉన్నారు. దసరా సెలవుల తర్వాత వేస్తే ఫిబ్రవరికల్లా పంట అయిపోతుంది. వంతులు వేసుకుంటే మనిషికి రోజూ ఇరవై నిమిషాలు చాలు. కానీ ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. మరుసటి ఏడు సంక్రాంతికి మేమంతా ఊళ్ళకు పోయి, నీళ్ళ పని బాబాయ్ నెత్తిన పెట్టాం. పండగ మూడు రోజులూ ఆయన వచ్చి తడిపాడు. ఎవరమూ అడగలేదు, ఆయనా అనలేదు. తిరిగొచ్చి పచ్చటి మళ్ళ ముందు ఫొటో దిగాం. అందులో ఆయన లేడు. రైతు మీద ఉపన్యాసం చెప్పి రైతును మరిచిపోయే సభలకూ, మాకూ తేడా ఏముంది?

కనుక సంఘానికి నా విన్నపాలు ఇవి. ప్రతి హాస్టలుకు కొంత స్థలం, ఒక కుళాయి అడిగి ఇప్పించండి. సెలవు రోజులతో సహా వంతుల పట్టిక పెట్టి, తప్పినవాడి పేరు నోటీసు బోర్డు మీద వేయండి. పండిన కూరను మెస్సు ఆ రోజు బజారు ధరకే కొనాలి, ధర పడిపోయిన రోజున కూడా. పడిపోవడమంటే ఏమిటో మనకూ తెలియాలి. ఇక నేర్పిన తోటమాలికి, వేదికనెక్కే వక్తకిచ్చే గౌరవ పారితోషికమే ఇవ్వండి. శాలువా అక్కర్లేదు.

దసరా సెలవులు కాగానే పారలు బయటికి తీద్దాం. ఈసారి కాలువ వాలు నేను చూస్తాను. సంక్రాంతి వంతు కూడా నాదే.