ఓవర్ల లెక్క బోర్డు మీదే ఉండాలి

టెస్టు మ్యాచ్‌లో రోజుకు 90 ఓవర్లు పడాలన్నది నియమం. 2024 సెప్టెంబరు 19న చెన్నై చేపాక్‌లో భారత్, బంగ్లాదేశ్ టెస్టు మొదలైన రోజు లంచ్‌కు పడినవి 23 ఓవర్లే. ఆట ముగిసేసరికి 80. అశ్విన్ సెంచరీ సంబరంలో ఆ పది ఓవర్ల లోటు మరుగున పడిపోయింది. హోసూరు నుంచి రాత్రి బస్సెక్కి వెళ్లినవాడు మాత్రం పూర్తి రోజుకే టికెట్ కొన్నాడు కదా!

లెక్క చూస్తే కష్టమేమీ కాదు. గంటకు 15 ఓవర్లు, అంటే ఓవరుకు నాలుగు నిమిషాలు. వన్డేలో 50 ఓవర్లకు మూడున్నర గంటలు, టి20లో 20 ఓవర్లకు 85 నిమిషాలు. చిక్కంతా మినహాయింపుల దగ్గర వస్తుంది. టెస్టులో వికెట్ పడితే రెండు నిమిషాలు తీసేస్తారు. గాయాలు, డీఆర్‌ఎస్, డ్రింక్స్... ఇవన్నీ పోనిచ్చాకే జట్టు తప్పెంతో తేలుస్తారు. చేపాక్‌లో ఆ రోజు ఆరు వికెట్లు పడ్డాయి. వాటికే 12 నిమిషాలు, అంటే మూడు ఓవర్లు పోయాయనుకుందాం. మరి మిగతా ఏడు? స్టాండ్‌లో కూర్చున్నవాడికి చెప్పే నాథుడు లేడు. ఆ జమాఖర్చు అంతా అధికారుల దగ్గరే ఉంటుంది. మ్యాచ్ అయిపోయాక శిక్ష వార్త వస్తే అప్పుడు తెలుస్తుంది.

ఆ శిక్షలు చిన్నవేమీ కావు. 2020 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో భారత్‌తో ఆడిన టెస్టులో ఆస్ట్రేలియా రెండు ఓవర్లు వెనకబడింది. నాలుగు పాయింట్లు కోత పడ్డాయి. చివరికి ఆ జట్టు 69.2 శాతం దగ్గర ఆగిపోతే, 70 శాతంతో న్యూజిలాండ్ 2021 టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్‌కు వెళ్లి కప్పు ఎత్తుకుపోయింది. ఆ నాలుగు పాయింట్లూ ఉంటే ఆస్ట్రేలియాకూ సరిగ్గా 70 అయ్యేది. అయినా జట్లు మారలేదు. 2023 యాషెస్‌లో ఇంగ్లండ్ 19, ఆస్ట్రేలియా 10 పాయింట్లు పోగొట్టుకున్నాయి.

అదే, గడియారం అందరి కళ్లముందు తిరిగితే ఏమవుతుందో 2024 టి20 ప్రపంచకప్‌లో చూశాం. ఓవరుకూ ఓవరుకూ మధ్య 60 సెకన్లే గడువు. న్యూయార్క్‌లో అమెరికా జట్టు మూడోసారి గడువు దాటగానే భారత్‌కు అయిదు పరుగులు వచ్చాయి. 30 బంతుల్లో 35 కొట్టాల్సింది 30కి దిగింది. తప్పేంటో, శిక్షేంటో అక్కడికక్కడే అందరికీ తెలిసింది. 2025 నుంచి ఈ గడియారం టెస్టులకూ వచ్చింది. మంచిదే. కానీ అది ఓవర్ల మధ్య జాప్యాన్నే పట్టుకుంటుంది. ఫీల్డింగ్ మార్పుల పేరుతో, చేతి తొడుగుల పేరుతో ఓవరు మధ్యలో కరిగిపోయే నిమిషాల సంగతేంటి?

ఫాస్ట్ బౌలర్లు ఎక్కువైతే ఆలస్యం తప్పదనీ, ఎండలో ఆడేవాడికి తెలుస్తుందనీ ఆటగాళ్లు అంటారు. నిజమే, కాదనం. అందుకే మినహాయింపులు ఉన్నాయి. అవి కూడా పోను జట్టు ఎన్ని ఓవర్లు వెనకబడిందో ప్రతి సెషన్ చివర స్కోరుబోర్డు మీద వేయమంటున్నాం. పరుగులు, వికెట్ల పక్కన ఇంకో అంకె, అంతే.

మన ఊళ్లలో ఆదివారం టోర్నమెంట్లు నడిపేవాళ్లూ ఇది ఆలోచించాలి. ముందు ఫీల్డింగ్ చేసిన జట్టు తీరిగ్గా ఓవర్లు వేసి, పొద్దుగూకే వేళ తానే బ్యాట్ పట్టాల్సి వస్తే ఫర్వాలేదు, చేసుకున్న కర్మ అనుకోవచ్చు. రెండో ఇన్నింగ్స్‌లో కావాలని సాగదీసి అవతలి జట్టును చీకట్లోకి నెడితేనే గొడవలు. స్కోరు రాసే కుర్రాడు ప్రతి అయిదు ఓవర్లకూ టైము రాసి పెట్టి, ఇద్దరు కెప్టెన్లకూ చూపిస్తే చాలు. నోటుబుక్కులో ఒక గడి ఎక్కువ గీయడానికి ఖర్చేమీ కాదు.